పొద్దు గుర్తు వేసిన పొట్లం

మొన్న మా చెల్లెలి మనవరాలు ఫోన్ చేసింది. ఫార్మసీ చదువు పూర్తయి, కౌన్సిల్లో పేరు నమోదై, ఫోటో అతికించిన సర్టిఫికెట్ చేతికి వచ్చిందట. ఆ సంతోషం చెప్పి ఊరుకోకుండా, బాన్సువాడలో ఎవరో కొత్తగా మెడికల్ షాపు తెరుస్తున్నారని, సర్టిఫికెట్ ఒక్కటి ఇస్తే చాలు మనిషి రానక్కర్లేదంటున్నారని, తను హైదరాబాదులో వేరే ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పి నా సలహా అడిగింది. "ఊకె గోడకు ఉంటది గద తాతా, దానికేమైతది?" అంది. దయ్యం లేదు, దిష్టి లేదు, ఉంటే రుజువు చూపించండి అని ముప్పై ఏళ్లు వేదికలెక్కి గొంతు చించుకున్న మనిషిని నేను. ఎంత కొరకరాని ప్రశ్నకైనా అక్కడికక్కడే బదులు చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం మళ్లీ మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను.

నా ఈడు వాళ్లకు తొంభైల నాటి మెడికల్ షాపు గుర్తుండే ఉంటుంది. అద్దాల అలమర్లు, కౌంటరు మీద దారానికి కట్టిన కత్తెర, ఎన్ని గోలీలు కావాలంటే అన్నే కత్తిరించి ఇవ్వడం, కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే మిగలడం, దాన్ని పాత పేపరు పొట్లంలో చుట్టి చేతిలో పెట్టడం. బాన్సువాడ బస్టాండు దగ్గర మా మేనమామది అలాంటి షాపే. నన్ను ఫార్మసీ చదివించింది ఆయనే. చదువు అయ్యాక కౌంటరు వెనక నిలబడడం నాకు రుచించలేదు. బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు పంతులుగా చేరి, ఆదివారాలు ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు చెప్పడంలో పడ్డాను. చదివించిన మామ రుణం తీర్చుకున్నాననుకుని నా సర్టిఫికెట్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన దానికి అద్దం, చట్రం కట్టించి, లక్ష్మీదేవికీ వెంకటేశ్వర స్వామికీ పక్కన మేకు కొట్టి తగిలించాడు.

చట్టం ప్రకారం ఆ షాపులో మందు ఇవ్వాల్సింది నేను, లేదా నేను పక్కన ఉండి చూస్తుంటే మరొకరు. నిజానికి ఇచ్చేది మా అత్త, అంటే మేనమామ భార్య. పదో తరగతి దాకా చదివింది. డాక్టర్ల గొలుసు రాతలు ఆమె చదివినట్టు నేను చదవలేను. ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేది, ఏ పిల్లాడికి ఏ సిరప్ పడదో గుర్తుపెట్టుకునేది. చదువురాని వాళ్ల కోసం ఆమెకొక పద్ధతి ఉండేది. పొట్లం మీద పెన్నుతో పొద్దు బొమ్మ గీస్తే పొద్దున వేసుకోవాలి, చందమామను గీస్తే రాత్రికి, రెండూ గీస్తే రెండు పూటలా. పక్కన చిన్న గిన్నె వేస్తే తిన్నాక అని అర్థం. బిచ్కుంద, నస్రుల్లాబాద్ దిక్కు పల్లెల్లో ఎందరో ఆ బొమ్మలు చూసే మందు వేసుకునేవారు. మా డిప్లొమా పుస్తకాల్లో అంత తెలివైన పాఠం ఒక్కటీ లేదు.

మందుల ఇన్‌స్పెక్టరు ఎప్పుడు వచ్చినా అత్త దగ్గర ఒకటే జవాబు ఉండేది. "ఇప్పుడే చాయ్ తాగెతందుకు పోయిండు సార్, గిట్ల పోయి గిట్ల వస్తడు." ఆయనకూ సంగతి తెలుసు. ఒకసారి కుర్చీలో తీరిగ్గా కూర్చుని, "పోయినసారి గూడ చాయ్‌కే పోయిండు. గంత చాయ్ తాగితే పిత్తం చేస్తదని చెప్పమ్మా మీ అల్లునికి" అన్నాడట. ఈ మాట చెప్పుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

ఒకనాడు అత్త కాస్త మొహమాటపడుతూ, ఇన్నేళ్లుగా మందులిస్తున్న తనకు కూడా ఏదో ఒక సర్టిఫికెట్ రాదా అని అడిగింది. వెనకటి రోజుల్లో అనుభవం చూసి కాంపౌండర్ల పేర్లు రాసుకునేవారని ఎవరో చెప్పారట. ఆమె చేత దరఖాస్తు రాయించుకుని హైదరాబాదు వెళ్లాను. అక్కడి గుమాస్తా కాగితం మొత్తం చదవకుండానే, ఆ దారి మూసేసి ఏళ్లయిందని, సహాయకులకు రిజిస్టరే లేదని, పేరు లేదు కాబట్టి పరీక్షా లేదు, శిక్షణా లేదని చెప్పి తిరిగి ఇచ్చేశాడు. దేశమంతా మందుల దుకాణాలు నడుపుతున్నది ఈ పేరులేని చేతులే. వాళ్లకు నాలుగు ముక్కలు నేర్పి, పేరు రాసుకుని, తప్పు చేస్తే అడిగే ఏర్పాటు చేయని ప్రభుత్వం, బోధన్‌లో కిరణజన్య సంయోగక్రియ చెప్పుకుంటున్న నన్ను మాత్రం బాన్సువాడలో మందులిస్తున్నట్టు రాసుకుంది. ఆ రోజు బస్సులో నాకు ఈ కోపం రాలేదు. అత్తకు దారి లేదంటే నా చట్రం కదలనక్కర్లేదు కదా అని లోలోపల తేలికపడ్డాను. కోపం ఆలస్యంగా వచ్చింది. అప్పటికే దానికి విలువ లేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం బిచ్కుంద దిక్కు ఒక పల్లెకు వెళ్లాను. అక్కడ ఒక ముసలాయన కీళ్ల నొప్పులకు అమ్మవారి పేరు చెప్పి వాతలు పెట్టేవాడు. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో మోకాళ్ల మీద గీసేవాడు. బడి ముందు జనం కూర్చుంటే, ఆయన ఎదుటే, కాలిస్తే నొప్పి పోదు, నొప్పికి కారణం ఉంటుంది, కారణానికి మందు ఉంటుంది, దవాఖానకు పోండి అని గంటసేపు చెప్పాను. సభ అయ్యాక ఒక కూలి అవ్వ నా దగ్గరకు వచ్చి చీర కొంచెం పైకి తీసి మోకాళ్లు చూపించింది. వాతల మీద వాతలు. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. "నువ్వు చెప్తే పోత కొడుకా. మందు యాడ దొరుకుతదో చెప్పు" అంది. నిజామాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించుకుని, మందులు బాన్సువాడలో మా మామ షాపులో తీసుకొమ్మని చెప్పాను. గుర్తు పట్టడానికి, లోపల గోడ మీద నా ఫోటో ఉంటుందని కూడా చెప్పాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. గొప్ప కోసం అన్నాను.

అవ్వ అలాగే చేసింది. కౌంటరు ముందు నిలబడి మా అత్తతో, "గా ఫోటోల పిలగాడు అబద్ధం చెప్పడు" అందట. డాక్టరు రాసింది చిన్న పసుపుపచ్చ గోలీ, వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాల్సింది. కీళ్లను నమిలే జబ్బుకు మంచి మందే. రోజూ వేసుకుంటే మాత్రం లోపల రక్తాన్నే తినేస్తుంది. అప్పటికి మా వైపు ఆ మందు కొత్త. వారానికొక గోలీ అనేది అత్త ఎన్నడూ విని ఎరగదు. చీటీలో మందు పేరు, ఒకటి అనే అంకె సరిగ్గానే చదివింది. ఆ పక్కన ఉన్న రెండు ఇంగ్లీషు మాటలు డాక్టర్లు అలవాటుగా రాసేవేవో అనుకుని ఉంటుంది. పొట్లం మీద ఒక పొద్దు గీసింది. వారానికి ఆమె దగ్గర బొమ్మ లేదు. మూడు నెలలు రావాల్సిన గోలీలు రెండు వారాలు నిండకుండానే అయిపోయి అవ్వ మళ్లీ వస్తే, మందు పడుతున్నట్టుంది, ముసలిది భలే పద్ధతిగా వేసుకుంటుంది అని మురిసిపోయి ఇంకో పొద్దు గీసి ఇచ్చింది.

తర్వాత ఆ పల్లెకు నేను రెండో సభకు వెళ్లేసరికి అవ్వ లేదు. ఇంటికి వెళితే కూతురు బయటికి వచ్చి, కొంగుముడి విప్పి, చీటీ, ఖాళీ పొట్లం నా చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పినట్లే ఏసుకుంది సారూ మా అవ్వ. ఒక్క దినం తప్పలే. పొద్దు పొడువంగనే ఏసుకునేది. ఇగ నోరంత పుండ్లాయె, గుక్కెడు నీళ్లు గూడ మింగకపాయె. ఆఖరికి పండ్లల్ల నుంచి నెత్తురు కారింది. వాత పెట్టించుకోనన్నదని అమ్మోరు కోపం చేసిందంటుండ్రు అందరు. చీటీల ఏం రాసిండో జర చదువు సారూ."

చదివాను. వారానికి ఒకసారి అని, కింద గీత గీసి మరీ రాసి ఉంది.

"కీళ్ల నొప్పులకేనమ్మా" అన్నాను.

"మరి తప్పేడ జరిగింది?"

"వయసైంది కదమ్మా" అన్నాను.

నిజం చెబితే అత్త జైలుకు పోతుందేమో, మామ షాపు పోతుంది, నా పేరు పేపర్లోకి ఎక్కుతుంది, ఇన్నాళ్లూ నేను చెప్పిన సైన్సంతా నవ్వులపాలవుతుంది. ఇవన్నీ ఆ గుమ్మంలో ఒక్క రెప్పపాటులో నా బుర్రలో తిరిగాయి. రుజువు నా చేతిలోనే ఉంది. రుజువు చూపించండి అని ఊరూరా అడిగినవాణ్ణి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె తిరిగి అడగలేదు. ఆ సాయంత్రం సభలో ముందు వరసలో వాతల ముసలాయన కూర్చున్నాడు. అమ్మవారి కోపం గురించి నేనేమంటానో అని జనమంతా నా వైపే చూస్తున్నారు. నేను సూర్యగ్రహణం గురించి చెప్పి దిగిపోయాను. ముసలాయన ఎగతాళి చేయలేదు. బస్సు దాకా నా వెంట నడిచి, "ఎవని తొవ్వ వానిది పంతులూ" అని మాత్రం అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

మర్నాడు బడికి సెలవు పెట్టి రుద్రూర్ మీదుగా బాన్సువాడ బస్సెక్కాను. అత్త ఒక్కతే షాపులో ఉంది. జరిగింది చెప్పే ధైర్యం రాలేదు. పాఠం చెబుతున్నట్టుగా, కొన్ని గోలీలు వారానికి ఒక్కటే వేసుకోవాలత్తా, చీటీలో ఇలా రాస్తారు అని కాగితం మీద రాసి చూపించాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, పెన్ను తీసుకుని, వారం వారం సంతకు పట్టుకుపోయే గంప బొమ్మ ఒకటి గీసింది. "అంగడి దినం ఒక్కటి అని చెప్తే సరి. అంగడి ఎవలు మర్చిపోరు. ముందుగాల్నే చెప్పకపోతివి అల్లుడా?" అంది. నేర్చుకోవడానికి ఆమెకు పట్టింది ఆ ఒక్క నిమిషమే. అంతలోనే పెన్ను చేతిలో ఆగిపోయింది. "మరి గా బిచ్కుంద దిక్కు అవ్వకు..." అని ఆగి నా ముఖంలోకి చూసింది. నేను అలమరలోని సీసాల వైపు చూశాను. ఆ మాట ఆమె ఎన్నడూ పూర్తి చేయలేదు.

ఒక సంగతి ముందే చెప్పాల్సింది. శుక్రవారం శుక్రవారం అత్త దేవుళ్ల పటాలకు దండలు వేసేటప్పుడు, వరసలో ఉంది కదా అని నా చట్రానికి కూడా ఒక బంతిపూల దండ వేసి, అద్దం మీద నా నుదుటికి కుంకుమ పెట్టేది. బతికున్న మనిషికి దండేమిటత్తా అని నేను నవ్వితే, "అన్నం పెట్టేది గదే" అనేది. తర్వాతి సెలవుల్లో వెళితే లక్ష్మీదేవికి దండ ఉంది, వెంకటేశ్వర స్వామికి ఉంది, నాకు లేదు. కుంకుమ చుక్కను తడిగుడ్డతో తుడిచిన గీతలు అద్దం మీద కనిపించాయి. మామ పోయి షాపు మూతపడేదాకా నా ఫోటో అక్కడే దండ లేకుండా వేలాడింది. ఆ తర్వాత అత్త వేరే వాళ్ల షాపులో, ఇంకెవరిదో ఫోటో కింద నిలబడి, రెండు వేల సంవత్సరం దాటాక కూడా కొన్నేళ్లు పొట్లాల మీద బొమ్మలు గీస్తూనే ఉంది. ఏ రిజిస్టరులోనూ ఆమె పేరు ఎక్కలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు.

ఇప్పుడు బాన్సువాడలో ఎక్కడ చూసినా మెడికల్ షాపులే. కంప్యూటరు బిల్లు ఇస్తారు, దాని మీద ఫార్మసిస్టు పేరు అచ్చవుతుంది, పొట్లాలు పోయి కవర్లు వచ్చాయి. పొద్దులూ చందమామలూ ఎవరూ గీయరు, గీసే తీరికా లేదు. మొన్న బీపీ గోలీల కోసం ఒక షాపుకు వెళ్లి, అలవాటు కొద్దీ గోడ మీది ఫోటో చూశాను, కౌంటరు దగ్గరున్న మనిషిని చూశాను. ఫోటోలో ఉన్నాయన ఏరి అని అడిగాను. "చాయ్‌కి పోయిండు సార్" అన్నాడతను.

ఆ పల్లెకు మళ్లీ వెళ్లలేదు. ఇంగ్లీషు మందుకు పోయిన ఒక అవ్వను అమ్మవారు నోట్లోంచి నెత్తురు కక్కించి తీసుకుపోయిందని, ఆ కథ చెప్పి పిల్లలను ఇప్పటికీ భయపెడతారని అటు నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడు. బతుకంతా అమ్మవార్ల కథలు అబద్ధమని వాదించినవాణ్ణి, అటువైపు బతికున్న ఒక్క కథనూ నేనే పుట్టించాను. ఆ కూతురు బతికే ఉందట. చీటీ, పొట్లం నా దగ్గరే ఉన్నాయి. పేపరు పసుపెక్కింది గానీ పొద్దు బొమ్మ చెదరలేదు. చుట్టూ ఎనిమిది కిరణాలు, అన్నీ ఒకే కొలతలో.

దానికేమైతది అని మనవరాలు అడిగింది. ఇదంతా రాసిన ఈ కాగితాలు ముందు ఆమెకు పంపుతున్నాను. చీటీ, పొట్లం మాత్రం పంపను. వచ్చే అంగడి నాటికి బిచ్కుంద బస్సెక్కి, వాటిని వాటి సొంతదారైన ఆ కూతురి చేతిలో పెట్టి, ఆ రెండు ఇంగ్లీషు మాటలూ ఈసారి తెలుగులో చదివి వినిపించాలి.