థర్మామీటరు బాబాయి అరచెయ్యి

ప్రయోగశాలలో ఆయనను అందరూ థర్మామీటరు బాబాయి అనేవారు. ఇరవై ఏళ్లు మోటార్లకు తీగ చుట్టినవాడు గనుక, ఏ యంత్రాన్నైనా అరచేత తాకి దాని వేడి ఇంత అని చెప్పగలిగేవాడు. ఆ లెక్క డిగ్రీకి అటూ ఇటూ పోయేది కాదు.

మూడేళ్లు శ్రమపడి ఆయన అమర్చిన లేజరుకు ఆ రోజే ఆఖరి పరీక్ష. దాని పౌనఃపున్యం నాలుగు గంటలపాటు చెదరక నిలవాలి. నిలవకుంటే సాయంత్రమే దాన్ని విప్పి గిడ్డంగికి పంపి, బయట కొన్న లేజరును తెచ్చి పెడతారు. లోపలి రెండు అద్దాల నడుమ దూరం వెంట్రుకవాసిలో వేయోవంతు మారినా చాలు, పౌనఃపున్యం మారిపోతుంది. అందుకే గాలి సోకకుండా పెట్టె మూశారు, అదురు రాకుండా బల్ల కింద రబ్బరు పరిచారు, గది చల్లదనాన్ని ఒకే తీరున ఉంచారు. అయినా తెరమీది గీత అరగంటకొక మూపురం ఎత్తుతూనే ఉంది. ఉదయపు ప్రయత్నం ఆ విధంగానే పాడైంది.

"ఏసీయే అంటారా, బాబాయ్?" అని అడిగింది ప్రయోగశాల అధికారిణి.

"దానికి నోరు లేదు కదా అని అన్నీ దానిమీదే వేస్తే ఎట్లామ్మా? ఉండండి, నా పుస్తకం చూస్తాను."

చేసిన ప్రతి పనినీ గడియారం చూసి రాసుకోవడం ఆయన అలవాటు. ‘పది గంటలు: పెట్టెమీద చెయ్యి పెట్టి చూశాను, బాగుంది. పదిన్నర: చెయ్యి పెట్టి చూశాను, బాగుంది.’ ఆ పుస్తకాన్ని తెర పక్కన పెట్టాడు. పదీ ఆరుకు ఒక మూపురం. పదీ ముప్పై ఆరుకు మరొకటి. ఆయన వేలు పేజీ మీద పరుగెత్తింది. ఒక్కటీ తప్పిపోలేదు.

"అమ్మా, దొంగ దొరికాడు."

"ఎవరు?"

ఆయన అరచెయ్యి చాపాడు. "ఇదిగో. దీని వెచ్చదనం అద్దాలను పట్టి ఉంచే లోపలి కడ్డీకి పాకుతోంది. కడ్డీ సాగితే అద్దాల నడుమ దూరం పెరుగుతుంది. వేడెక్కిందేమోనని చూసి చూసి నేనే వేడెక్కించాను."

ఆమె పుస్తకం లాక్కుని చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి నాలుగు గంటలు ఆ చేతిని ఎక్కడ పెడతారు?"

"జేబులో. మీ పిన్ని చూస్తే నమ్మదు. ఇస్త్రీపెట్టెను కూడా నేను తాకందే ఊరుకోను కదా."

పన్నెండున్నరకు మళ్లీ మొదలుపెట్టారు. ప్రతి అరగంటకూ అరచెయ్యి దురదపెట్టేది. ఆయన పిడికిలి బిగించేవాడు. తెరమీద గీత మాత్రం బిగించి కట్టిన దారంలా సాగిపోయింది. నాలుగున్నర కాగానే అధికారిణి కుర్చీలోంచి లేచింది.

"ఇక చెయ్యి తియ్యండి, బాబాయ్. మీ లేజరు ఇక్కడే ఉంటుంది."

ఆయన చెయ్యి తీసి, ముందుగా కలం పట్టాడు. ‘పన్నెండున్నర నుంచి నాలుగున్నర: చెయ్యి పెట్టలేదు. బాగుంది.’