పసుపు కొమ్ముల కింద దాచిన ప్యాకెట్

మా నరసరావుపేటలో సరుకుల కోసం లైనులో నిలబడితే, వెనకావిడ పొద్దున ఏ కూరతో అన్నం తిన్నదో నాకు తెలిసిపోతుంది. అంత దగ్గరగా నిలబడతారు. ఒక అడుగు ముందుకు జరిగితే, ఈవిడకు కాస్త జాగా కావాలేమోనని అనుకోరు. లైను కదిలిందనుకుని వాళ్ళూ జరుగుతారు. ఒళ్ళు మండి వెనక్కి తిరిగి చూస్తే నవ్వుతారు. నవ్వే మనిషిని ఏమని తిట్టను?

ఇంకో ఆచారం కూడా ఉంది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, బిల్లు కౌంటర్ దగ్గర నేల మీద ఒక ఉప్పు ప్యాకెట్ పెట్టి వెళ్ళిపోతారు. మనం ఆ ఉప్పు వెనక నిలబడాలి. దాటామా, ఎక్కడో పప్పుల దగ్గర నుంచి "అమ్మాయ్, అది నాదే" అని కేక వినిపిస్తుంది. ట్రాలీతో మన మడమ మీద పొడిచి "చూసుకోవాలమ్మా" అని మనకే చెప్పే పెద్దమనుషుల్నీ, పల్లీలు నాలుగు నోట్లో వేసుకుని బాగోలేదన్నట్టు మొహం పెట్టి ఇంకో నాలుగు వేసుకునేవాళ్ళనీ ఎలాగో భరిస్తాను. భరించలేనిది ఒక్కటే, బుట్టలోకి తొంగిచూడడం. బార్లీ కనపడితే "ఎవరికి బాగోలేదు?" నెయ్యి రెండు డబ్బాలుంటే "చుట్టాలొచ్చారా?" ఏమీ లేకపోతే "ఏంది, ఊరెళ్తున్నారా?"

ఆ ఆదివారం నా బుట్టలో ఎవరూ చూడకూడనిది ఒకటి ఉంది. మా అత్తగారి కోసం తీసుకున్న పెద్దవాళ్ళ డైపర్ల ప్యాకెట్.

మా అత్తగారు మాచర్ల వైపు ఒక ఊరికి ఐదేళ్ళు సర్పంచిగా చేసిన మనిషి. పేరు భార్యదీ పెత్తనం భర్తదీ అయిన సర్పంచి కాదు. సంతకమూ ఆవిడదే, తిట్లూ ఆవిడవే. డెబ్భై దాటాక దగ్గినా తుమ్మినా చీర తడిసిపోవడం మొదలైంది. డాక్టరు ఈ వయసులో మామూలే అన్నాడు. ఆవిడకు మామూలు కాలేదు. నాలుగు నెలలుగా గేటు దాటలేదు. పెళ్ళి పిలుపులొస్తే మోకాలు నొప్పి అనేది. ఆ మోకాలుకి ఏమీ లేదని నాకు తెలుసు. డైపర్ సంగతి ఎత్తి, ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక షరతు పెట్టింది.

"ఒక్క మనిషికి తెలిసిందా, తీసి అవతల పారేస్తా. నలుగురికీ తీర్పులు చెప్పినదాన్ని. నా గురించి చెప్పుకోనియ్యను."

మా వీధి మందుల షాపులో కొనొచ్చుగా అంటారేమో. ఆ షాపతనిదీ అత్తగారి ఊరే. నేను ఇంటికి చేరేలోపు కబురు ఊరు చేరుతుంది. మా ఆయన్ని పంపుదామంటే, తల్లికి కొడుకు ఇలాంటివి కొనడమేందని ఆవిడే కోప్పడింది. అందుకని మా వీధి వదిలేసి, నన్నెరిగినవాళ్ళు ఉండని స్టేషన్ వైపు సూపర్‌మార్కెట్‌కి ఆటోలో వెళ్ళాను.

ప్యాకెట్‌ని బుట్ట అడుగున పెట్టాను. పైన కప్పడానికి ఏదైనా కావాలి. పక్కనే పూజ సామాన్ల అర ఉంది. కంగారులో ఐదు కొబ్బరికాయలు, వక్కలు, పసుపు కొమ్ములు, కుంకుమ, రెండు కిలోల బెల్లం తీసి పేర్చాను. బ్రహ్మాండంగా దాచేశానని మురిసిపోతూ వెళ్ళి లైనులో నిలబడ్డాను. ఈ గడ్డ మీదే పుట్టి పెరిగినదాన్ని, ఆ సామానంతా ఒక్కచోట చూస్తే ఎవరైనా ఏమనుకుంటారో నాకు తట్టనే లేదు.

నా వెనకున్న పచ్చచీరావిడకు తట్టింది. నెల సరుకులతో నిండిన ట్రాలీ వదిలేసి, నా భుజం మీద గడ్డం ఆనించినంత పని చేసి చూసింది.

"తాంబూలాలా అక్కా?"

ఊఁ అంటే వదిలేస్తుందనుకుని ఊఁ అన్నాను.

"ఏ ఊరు సంబంధం?"

"మాచర్ల."

"మాచర్లలో ఎవరి తాలూకు?"

నా ముందున్న పెద్దాయన ఇటు తిరిగాడు. మాచర్ల ఆయన బావమరిది ఊరట. "అబ్బాయి ఏం చేస్తాడమ్మా?" అన్నాడు. బ్యాంకులో అన్నాను. ఏ బ్యాంకో అడిగేలోపు దగ్గు తెచ్చుకున్నాను. పొలం ఎంతుందని పచ్చచీరావిడ అడిగితే ఎనిమిదెకరాలన్నాను. "మాగాణా, మెట్టా?" అంది. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న నా కూతురికి, దాని ప్రమేయం లేకుండా ఐదు నిమిషాల్లో పెళ్ళి కుదిరిపోయింది.

ఇంతలో నా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి పైవన్నీ తీసి, అడుగున ఉన్న ప్యాకెట్‌ని స్కానర్ ముందు పెట్టింది. మోగలేదు. తిప్పి పెట్టింది. మోగలేదు. అప్పుడు దాన్ని రెండు చేతులతో పైకెత్తి, షాపు ఆ చివరనున్న సూపర్‌వైజర్‌కి వినపడేలా కేకేసింది.

"సార్, పెద్దోళ్ళ డైపర్లు! రేటెంత?"

లైను మొత్తం మెడలు సాచి చూసింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పరువు పోయిందని కాదు. ఇక అత్తగారు తన గది వదిలి రాదు కదా అని.

పచ్చచీరావిడ చేయి నా మీదుగా వచ్చి ప్యాకెట్ అందుకుంది. "ఇది వద్దక్కా, కారుద్ది. మా అత్తకి ఆర్నెల్లు వాడి చూశా. డ్రాయర్ మాదిరి తొడుక్కునేది ఉంటది, అది తీస్కో." ఆ తర్వాత నవ్వింది. "మాచర్ల సంబంధం ఉత్తదేగా?"

ఉత్తదే అన్నాను.

"సైజు చూసుకోవాలమ్మా," అన్నాడు పెద్దాయన. "మా నాయనకి పెద్దది తెచ్చి చానా అవస్థ పడ్డాం."

పచ్చచీరావిడ వెనక గంజి పెట్టిన నూలుచీరలో ఒక ముసలావిడ ఉంది. నా పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"అది ఏసుకుంటే బయటికి పోవచ్చా అమ్మాయ్? బస్సెక్కి?"

నాకు మాత్రమే వినపడాల్సింది పచ్చచీరావిడకు వినపడకుండా ఉంటుందా? "శుభ్రంగా పోవచ్చు పిన్నీ. మా అత్త చిలకలూరిపేట పోయి మూడ్రోజులు ఉండొచ్చింది," అంది.

ముసలావిడ తన బుట్ట కింద పెట్టి, అరల వైపు నడిచింది. ఖాళీ అయిన జాగాలోకి ఎవరో జరగబోతే పచ్చచీరావిడ ట్రాలీ అడ్డం పెట్టింది. "ఏందీ? ఆమె వస్తది, ఆగండి." ముసలావిడ రెండు ప్యాకెట్లతో తిరిగొచ్చింది. ఒకటి నా చేతికిచ్చి, ఒకటి తన బుట్టలో వేసుకుంది. దాని మీద ఏమీ కప్పలేదు.

కొబ్బరికాయలు వెనక్కి ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. అన్నీ మోసుకుని ఇంటికొచ్చేసరికి అత్తగారు గది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరన్నా చూశారా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఎనిమిదెకరాల అల్లుడి దెబ్బకి ఆ రోజుకు అబద్ధాలు చాలనిపించింది.

"లైనంతా చూసింది అత్తయ్యా," అని జరిగింది జరిగినట్టు చెప్పాను. ముసలావిడ అడిగిన మాట కూడా చెప్పాను.

విసిరికొడుతుందనే అనుకున్నాను. ప్యాకెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరామె? ఎవరి తాలూకు?"

"తెలియదు. నేనడగలేదు."

"అడక్కుండా ఎట్టా వచ్చావే?" అంది సర్పంచి గొంతుతో. "నా ఈడు మనిషి నోరు తెరిచి అడిగితే ఇల్లెక్కడో కనుక్కోవద్దూ? ఆమె ముందు ఎంత సామానుంది?"

"పచ్చచీరావిడవి నెల సరుకులు."

"అయితే ఇంకా ఆడనే ఉంటది. ఆటో పిలు, ఐదు నిమిషాల్లో వస్తా," అని ప్యాకెట్ పట్టుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.