అట్ట మీద అట్ట

జూన్ వచ్చిందంటే మా సూళ్లూరుపేట బజారులో స్టేషనరీ షాపు ముందు బ్రౌన్ షీటు చుట్టలు బారుగా నిలబెడతారు. మొన్న నేనూ వెళ్లి ఒక చుట్ట, నాలుగు లేబుళ్ల షీట్లు తీసుకున్నాను. షాపతను నా పాత శిష్యుడే. "మనవళ్లకా సార్?" అన్నాడు వినయంగా. "ఆ, వాళ్లకే" అన్నాను. నాకు మనవళ్లు లేరు. ఉన్న ఒక్క కూతురికి ఇంకా పెళ్లి కాలేదు, ఆ సంగతి అతనికీ తెలుసేమోనని సగం దారిలో అనుమానం వచ్చింది. ఆ చుట్ట చంకన పెట్టుకుని నడుస్తుంటే ఎప్పట్లాగే మా అత్త గుర్తొచ్చింది, ఎప్పట్లాగే చెవులు వేడెక్కాయి.

సంగతేమిటంటే, నేను కామిక్సు కొంటాను. ముసుగులేసుకుని మేడల మీంచి దూకే వీరుల కథలు, విదేశాల్లో నెలనెలా అచ్చయ్యేవి. అందులోనూ నాకు కథతో పనిలేదు. లోపల కథ ఒకటే ఉంచి, ఒక్కో చిత్రకారుడితో ఒక్కో ముఖచిత్రం గీయించి, ఒకే సంచికను నాలుగైదు రకాలుగా వదులుతారు. వేరియంట్ కవర్లంటారు వాటిని. కొన్ని మరీ తక్కువ ప్రతులు వేస్తారు కాబట్టి దొరకడమే గగనం. దొరికినవాడు దాన్ని తెరిచి చదవడు. ప్లాస్టిక్ తొడుగులో దూర్చి, వెనక ఒక అట్టముక్క దన్నుపెట్టి, చెయ్యి తగలకుండా దాస్తాడు. మూల నలిగిందా, దాని విలువ గంగలో కలిసినట్టే. నాకీ జబ్బు నడివయసులో అంటుకుంది. పేపర్లు దిద్దే పని మీద చెన్నై వెళ్లినప్పుడు, వాన పడుతోందని ఒక షాపులో తలదాచుకున్నాను. గోడ మీద ఒక బొమ్మ కనిపించింది. వానలో నీళ్ల ట్యాంకు మీద ఒక వీరుడు అటు తిరిగి కూర్చున్నాడు. వీపు మీద బట్ట చిరిగితే దారంతో కుట్టుకున్నాడు. లోకాన్ని కాపాడేవాడు తన చొక్కా తనే కుట్టుకోవడం నాకెందుకో గుండెలో పట్టేసింది. వాన తగ్గినా నేను బయటికి రాలేదు.

ఆ తర్వాత సెలవు దొరికితే చెన్నై లోకలే. వచ్చేటప్పుడు పుస్తకాలు బట్టల షాపు సంచిలో పెట్టుకునేవాణ్ణి. రైల్లో తోటి లెక్చరర్లు కనిపిస్తే "ఇంట్లోవాళ్లకి చీర" అనేవాణ్ణి. ఆ లెక్కన మా ఆవిడకి ఊళ్లో ఎవరికీ లేనన్ని చీరలుండాలి. దాచడానికి కారణం ఒకటే, నేను ఫిజిక్స్ సారుని. క్లాసులో ఎవరి పుస్తకం మధ్యనైనా బొమ్మల పుస్తకం కనిపిస్తే లాక్కుని, "బొమ్మలు చూసే వయసా ఇది?" అని నిలబెట్టి అడిగేవాణ్ణి. ఆ మాట కూడా నాది కాదు, మా అత్తది.

అత్తంటే మా నాన్న అక్క. బోగోలు దగ్గర మిషన్ బళ్లో టీచరు. పెళ్లి చేసుకోలేదు, నన్ను పెంచింది, చదివించింది. బళ్లు తెరిచే ముందు ఆమె ఇంటి వరండా చూడాల్సిందే. సత్తుగిన్నెలో మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసేది. వీధిలో పిల్లల పుస్తకాలన్నిటికీ బ్రౌన్ షీటుతో అట్టలేసి, మడతలు నిలవడానికి పైన సన్నికల్లు బరువు పెట్టేది. ఎవరి పుస్తకమూ వదిలేది కాదు. "అట్ట లేని పుస్తకం, చొక్కా లేని బిడ్డ ఒకటే" అనేది. పుస్తకం మొదటిరోజు ఎంత అందంగా ఉంటే అంత తొందరగా దాన్ని కప్పెయ్యాలని ఆమె లెక్క.

అత్తకి పెద్దతనంలో కళ్లకి శుక్లాలొస్తే మా ఇంట్లో ఉంచుకుని నెల్లూరులో ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పాక ఆమెని పట్టలేకపోయాం. గోడ మీద బల్లి, కూరలో ఆవగింజ, నా నెత్తిన తెల్లవెంట్రుక, అన్నీ కనిపించేవి. ఊరికే కూర్చోలేక ఒకరోజు నా ట్రంకుపెట్టె తెరిచింది. అందులో కాలేజీ పుస్తకాలున్నాయని అంతకుముందు చెప్పి ఉన్నాను. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మైదా జిగురు వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది. హాల్లో సన్నికల్లు, దాని కింద నా వేరియంట్లు. అన్నిటికీ బ్రౌన్ అట్టలు, అన్నిటి మీదా లేబుళ్లు, లేబుళ్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు. తరగతి అన్నచోట "లెక్చరర్" అని రాసింది.

"ఆ ప్లాస్టిక్ కవర్లు చెమ్మ పడతాయబ్బయా, తీసి పారేసినా" అంది వేళ్లు తుడుచుకుంటూ. "ఎంత మంచి బొమ్మలో! మాసిపోవా? ఇంకోటి, వాటిల్లో ఓ అయిదు పుస్తకాల్లో ఒకటే కథ ఉండాది. షాపోడు నిన్ను బాగా మోసం చేసినాడు." నేను వంగి సన్నికల్లు పక్కకి జరిపాను. "అయినా కాలేజీ పుస్తకాలంటివే?" అంది మళ్లీ. "ఇప్పుడు సైన్సు బొమ్మలతో చెబుతున్నారత్తా" అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "ఓహో" అంది.

ఆ మర్నాడే మా చర్చి అయ్యగారు ఆమెని పలకరించడానికి వచ్చారు. అత్త ఆయన ముందు కళ్లజోడు లేకుండా పాటల పుస్తకంలో చిన్నక్షరాలు గడగడా చదివి చూపించింది. ఆయన "దేవునికి స్తోత్రం" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఊపులో లేచి నా పుస్తకాల కట్ట తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "మా వాడి సైన్సు పుస్తకాలయ్యగారూ, అన్నిటికీ నేనే అట్టలేసినా" అంది. ఆయన ఒకటి తెరిచారు. ప్యాంటు మీద చెడ్డీ వేసుకున్న మనిషి ఒంటిచేత్తో బస్సు ఎత్తుతున్నాడు. అయ్యగారు పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, "ఇది ఏ చాప్టరు సార్?" అని అడిగారు. నిజంగానే అడిగారు, వెటకారం లేదు. శ్రీహరికోటలో ఆ నిమిషాన ఒక రాకెట్ లేస్తే బాగుండు, అందరం మేడెక్కి చూడొచ్చు అనుకున్నాను. మనకి కావలసినప్పుడు అవి లేవవు.

"నావి కాదండీ" అన్నాను. "స్టూడెంట్ల దగ్గర లాక్కున్నవి."

ఆయన పుస్తకం మూశారు. మూయగానే లేబుల్ పైకొచ్చింది. నా పేరు చదివి, తలెత్తి నన్ను చూసి, మళ్లీ లేబుల్ని చూశారు. అప్పుడు అత్త తాపీగా అంది: "అది నా పొరబాటయ్యగారూ. పిల్లోళ్ల పేర్లు రాయబోయి వీడి పేరు రాసినట్టుండా. ఆపరేషన్ చేసినారే గానీ, కళ్లు ఇంకా సరిగా ఆనడంలా." అంతసేపూ ఆ కళ్లని చూపించి మురిసిపోయిన మనిషి ఆమె. అయ్యగారు పాపం జాలిపడి, లేచి ఆమె తల మీద చెయ్యిపెట్టి, కళ్లు బాగుపడాలని ప్రార్థన చేశారు. నిక్షేపంగా ఉన్న ఆ కళ్లు మూసుకుని అత్త తలవంచుకుని నిలబడింది. చివర ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో అంతకుముందు నాకు తెలియదు.

ఆయన వెళ్లాక ఆమె నన్ను తిట్టలేదు. "నీవేనని చెప్తే ఏం పోయుండునబ్బయా?" అని మాత్రం అడిగింది. పక్కన కూర్చుని, ఒకే కథకి అన్ని అట్టలెందుకో చెప్పమంది. చెప్పాను. అంతవరకూ ఎవరికీ చెప్పని మనిషిని, ఆ నీళ్ల ట్యాంకు బొమ్మ సంగతి దాకా చెప్పుకొచ్చాను. అత్త "దానికి అట్టేసేటప్పుడే నాకు మనసొప్పలా. ఆ కుట్టు చూసినావా, ఎవరో ఆడమనిషి నేర్పించుంటాది" అంది. ఆమె బొమ్మ చూసే తీరు చూశాక, నా తోటి సేకరణదారులెవరూ బొమ్మని అలా చూడలేదనిపించింది.

జిగురు తడికి ఆ కవర్ల మూలలు ఉబ్బాయి. ఆవిరి పట్టించి బ్రౌన్ అట్టలు జాగ్రత్తగా ఊడదీయొచ్చని తెలిసినవాళ్లన్నారు. నేను ఊడదీయలేదు. పైగా కొత్తగా కొన్నవాటికీ అట్టలేస్తున్నాను, తుత్తం కలిపిన మైదా జిగురుతోనే. అత్త పోయి చాన్నాళ్లయింది. ఆమె వేసిన అట్టలు అంచుల్లో చిట్లి లోపలి రంగులు బయటపడుతున్నాయి, నా అబద్ధం మీద వేసింది మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. ఏటా జూన్‌లో షాపతను అడుగుతూనే ఉంటాడు, మనవళ్లకా సార్ అని. "నాకే" అని చెప్పాలని ఏటా బయల్దేరతాను. రెండక్షరాల మాట, దానికి ఇన్ని జూన్లు చాలలేదు.