వెన్నెల్లో నరికిన వెదురు

అతను గొట్టానికి చెవి ఆనించి వినేవాడు. 1920లలో అరకు లోయలోని ఒక సర్కారు బంగళాలో నేను గుమస్తాను. గెడ్డ నుంచి, అంటే కొండవాగు నుంచి, మా స్నానాల గదికి, మరుగుదొడ్డికి నీళ్లు తెచ్చే వెదురు గొట్టాలను ఆ కొండమనిషే చూసుకునేవాడు. ఎక్కడ చిల్లు పడినా చెవితోనే కనిపెట్టి, గుగ్గిలం కరిగించి పూసి, "ఇప్పుడు పలుకుతంది బాబూ" అని నవ్వేవాడు.

ఒకసారి బంగళాలో దిగడానికి తెల్లదొర వస్తున్నాడని కబురొచ్చింది. కొత్త గొట్టాలు వెయ్యమన్నాను.

"ఎన్నెల రోజులు బాబూ. ఇప్పుడు నరికితే పురుగు పట్టేత్తాది. అమాస రానీ."

"నీ అమాస దాకా దొర తానం మానేత్తాడేటి? బేగి నరుకు!" అని అతని యాసలోనే వెక్కిరించాను.

నరికాడు. దొర ఆసారి మెచ్చుకునే వెళ్లాడు. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం, ఒంటినిండా సబ్బుతో ఉండగా నీళ్లు ఆగిపోయాయి. కొత్త గొట్టాలన్నీ పురుగు తొలిచేసింది.

"ఎవడు నరికాడు?" అని దొర అరిచాడు. నేను అతన్ని చూపించాను. నరకమన్నది ఎవరో చెప్పలేదు. ఆ పూటే అతని పని పోయింది.

వెళ్లేముందు గెడ్డ దగ్గర మిగిలిన పాత గొట్టానికి చెవి ఆనించాడు.

"నీరు బాగానే వత్తంది బాబూ. ఈపాలి అమాసకి కొట్టించండి."

'పనివాడి అజాగ్రత్త' అని బంగళా పుస్తకంలో రాసింది నేనే. అది అబద్ధం. అతను చెప్పినట్టే అమావాస్యకు కొట్టించాను. నేనక్కడ ఉన్నన్నేళ్లూ ఆ గొట్టాలు పుచ్చలేదు.