ముప్పై ఒకటో నంబరు

ఆ రోజుల్లో నాకు తొందరపడేవాళ్ళంటే చిన్నచూపు. ఆ రోజులంటే 2008. నాకప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. (చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఇప్పుడు నేనున్న చోటు నుంచి చూస్తే అది పడుచుదనమే.) ఒక ఆఫీసు గణాంకాల విభాగంలో గుమాస్తాను. జహనుమాలో రెండు గదుల ఇంట్లో నేను, బాపు ఇద్దరమే ఉండేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, సిటీ బస్సు కండక్టరుగా ముప్పై మూడేళ్ళు చేసి రిటైరైన మనిషి. నాకు ప్రతిదానికీ తేదీ రాసుకునే అలవాటు. గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు, గోడకు సున్నం వేయించిన రోజు, పక్కింటివాళ్ళు మా నిచ్చెన తీసుకెళ్ళిన రోజు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించి పెట్టాను. (నిచ్చెన తిరిగి వచ్చిన తేదీ గడి ఇప్పటికీ ఖాళీ.)

ఆ ఏడు మార్చిలో పక్క గల్లీ ఫొటో స్టూడియోలో దొంగలు పడ్డారు. కంప్యూటర్‌తో పాటు, అది పాడైతే పనికొస్తాయని కాపీలు తీసి దాని పక్కనే పెట్టుకున్న సీడీలు కూడా ఎత్తుకుపోయారు. ఎన్నో పెళ్ళిళ్ళ ఫొటోలు ఒక్క రాత్రిలో పోయాయి. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కాపీ ఉండాలి, కానీ మన ఇంట్లో ఉండకూడదు. ఇంటర్నెట్ ద్వారా మన ఫైళ్ళను ఎక్కడో దూరాన తమ యంత్రాల్లో దాచిపెట్టే కంపెనీలు అప్పుడే వస్తున్నాయి. మూడింటిని ఎంచుకుని, రూళ్ళ పుస్తకంలో పద్నాలుగు గడులు గీశాను. కరెంటు పోతే ఎక్కించడం ఆగిన చోటునుంచే మొదలవుతుందా? నెల రోజులు కంప్యూటర్ తెరవకపోతే మన కాపీ తీసేస్తారా? పాస్‌వర్డ్ మరిచిపోతే గతేమిటి? ఒక కంపెనీకి ఇరవై రెండు ప్రశ్నలు రాసి పంపాను. 'డియర్ సర్' అంటూ రెండింటికి జవాబిచ్చారు. మిగతా ఇరవై గుర్తు చేస్తూ, నేను సర్‌ను కానని కూడా రాశాను. అది ఇరవై మూడో అంశం. ఈ లోపల ఉచితంగా వాడి చూసుకోమన్న గడువులు ఒక్కొక్కటే అయిపోయాయి.

బాపు గడప మీద కూర్చుని బీడీ ఆర్పుతూ అనేవాడు, "బిడ్డా, బస్సు కదిలిపోతున్నది. నువ్వింక బోర్డు సదువుతనే ఉన్నవ్."

"తప్పు బస్సు ఎక్కితే ఎట్లా బాపు?"

"తప్పు బస్సెక్కినోడు మల్లొచ్చే స్టాపుల దిగుతడు. ఎక్కనోడు గాడనే ఉంటడు."

పదకొండు వారాలకు ఒక కంపెనీ తేలింది. అప్పుడు రెండో లెక్క. మా దగ్గరున్నది తొమ్మిది జీబీ, మా కనెక్షన్ సెకనుకు ఎనిమిది కేబీ కంటే పైకి పంపదు. కరెంటు పోయే గంటలు కలుపుకుంటే పదిహేను రోజులు. కాబట్టి ఏది ముందు ఏది వెనక అని జాబితా వేశాను. ఒకటో నంబరు ఇంటి పత్రాలు, రెండోది నా సర్టిఫికెట్లు, మూడోది గ్యాస్ సిలిండర్ల తేదీలు. అట్లా ముప్పై ఒకటి.

ఆ ముప్పై ఒకటోది బాపు గొంతు. ముందటేడు దసరాకు మైకు పెట్టి అతని పాత రూటు చెప్పించాను. పదకొండు నిమిషాల నలభై రెండు సెకన్లు. "అఫ్జల్‌గంజ్! దిగేటోళ్ళు దిగుండ్రి, నిద్రవోయేటోళ్ళు లేవుండ్రి! నయాపూల్! కోర్టుకు పోయేటోళ్ళు దిగుండ్రి, గెలిచేటోళ్ళు ముందుగాల, ఓడేటోళ్ళు ఎన్కంగ!" ఇక ప్రతి స్టాపులోనూ ఒకటే కేక, "ముసలోళ్ళు ముందుగాల ఎక్కుండ్రి! పోరగాండ్లు ఆగుండ్రి, మీకు మస్తు టైమున్నది!"

జాబితా చూపిస్తే బాపు అడిగాడు. "నాదెన్నో నంబరు?"

"ముప్పై ఒకటి."

"ఓర్నీ! ముసలోన్ని ఆఖరికి ఎక్కిస్తున్నవా? నా బస్సుల గిట్ల జేస్తే నిన్ను దించుతుంటి."

"ఇంట్లోనే ఉన్నావు కదా బాపు, మళ్ళీ ఎప్పుడైనా చెప్తావు."

"గదీ నిజమే," అని నవ్వాడు.

పద్నాలుగో రోజు సాయంత్రం ఉరుముల వానతో పాటు కరెంటు ఒక్కసారి ఎగిసిపడి, కంప్యూటర్ లోపలినుంచి కాలిన వాసన వచ్చింది. అప్పటికి ముప్పై అంశాలు కంపెనీకి చేరాయి. రిపేరు భాయ్ డిస్కు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "అమ్మా, యే గయా. సబ్ జల్ గయా, అంతా కాలిపోయింది. ఫికర్ నక్కో, నీది బయట కాపీ ఉన్నదంటివి కదా?"

ఉంది. గ్యాస్ సిలిండర్లన్నీ భద్రంగా ఉన్నాయి. బాపు గొంతుకు కావలసింది నాలుగు గంటల పైచిలుకు. ముందుగా ఎక్కించి ఉంటే, మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి మొదలైన పని ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా అయిపోయేది.

"గింత దానికి ఏడుస్తవా? మైకు వెట్టు, ఇప్పుడే చెప్త," అన్నాడు బాపు. నేను పెట్టలేదు. పాత మైకు గరగరమనేది. ఈసారి సరిగ్గా చేయాలనుకున్నాను. కొత్త కంప్యూటర్ వచ్చింది. మైకుల కోసం రూళ్ళ పుస్తకంలో కొత్త పేజీ తీశాను, అయిదు రకాలు, తొమ్మిది గడులు. ఆరో వారంలో బాపుకు పక్షవాతం వచ్చి మాట పోయింది.

మరో నాలుగు నెలలు ఉన్నాడు. నేను పక్కన కూర్చుని మందుల వేళలు గడుల్లో రాసుకుంటుంటే, మంచం పట్టీ మీద వేలి ఉంగరంతో రెండుసార్లు టకటకమని కొట్టేవాడు. డ్రైవరుకు చెప్పే సైగ అది. పోనీ, అని.

కొన్నాళ్ళకు ఆ కంపెనీ నుంచి నా కాపీ దింపుకున్నాను. ముప్పై అంశాలూ ఒక్క అక్షరం చెడకుండా వచ్చాయి. వాటితో పాటు నా జాబితా కూడా. చివరి వరుసలో ఇలా ఉంది: 'బాపు, స్టాపులు. 11 నిమిషాల 42 సెకన్లు.' దాని పక్కన, వివరణ అని నేనే గీసుకున్న గడిలో, 'మళ్ళీ చేయించవచ్చు.' ఆ గడిని నేను దిద్దలేదు.

ఇప్పుడు మన ఫోన్లు మనల్ని అడగకుండానే అన్నీ పైకి ఎక్కించేస్తున్నాయి. జాబితా వేసే పని కూడా లేదు. మొన్న అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడి, వచ్చి ఆగినదాని బోర్డు మీది నంబరు రెండోసారి చదువుకుంటున్నాను. కిందున్న కండక్టరు, ఇరవై అయిదేళ్ళ పిల్ల, వెనకవాళ్ళను చేత్తో ఆపి, "పెద్దమ్మా, నువ్వు ముందుగాల ఎక్కు," అంది.

ఎక్కేశాను. అది ఎటు పోయే బస్సో లోపల కూర్చున్నాక అడిగాను.