తాడు లేని పడవకి హక్కు లేదట

మా తమ్ముడి కుడిభుజం పాడైన ఏడాది నేను మోటార్ల గురించి చదివినంత శ్రద్ధగా ఎమ్మెస్సీలో ఫిజిక్సు కూడా చదవలేదు. వాడు సముద్రం మీద వేటకి పోయే మనిషి. నేను విజయనగరంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. ఒకే ఇంట్లో పుట్టాం. వాడికి పడవ దక్కింది, నాకు బస్సుపాసు దక్కింది.

వాడికీ మా చిన్నాన్నకీ కలిపి ఒక ఫైబరు పడవ ఉంది. వాళ్ళది వలల వేట కాదు, గేలాల వేట. ఒడ్డు నుంచి ఇంజను మీద గంటన్నర పోతే నీళ్ళ అడుగున రాతిగుట్టలు ఉంటాయి. మావాళ్ళు వాటిని ఊరికే ‘రాళ్ళు’ అంటారు. చేప ఆ రాళ్ళనే అంటిపెట్టుకుని ఉంటుంది. పడవ సరిగ్గా వాటి మీదే నిలవాలి, నాలుగు బారలు పక్కకి జరిగిందా గేలానికి ఇసకే. అందుకని లంగరు వేస్తారు. చేప జరిగితే లంగరు ఎత్తి ఇంకో రాయి మీద వేస్తారు. ఇరవై బారల లోతు నుంచి తడితాడూ ఇనుప లంగరూ, పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపల ఐదారుసార్లు, ఉత్తచేతుల్తో. చిన్నాన్నకి అరవై దాటాయి, చుక్కాని దగ్గర కూర్చుంటాడు. లాగేది తమ్ముడు.

ఎముకల డాక్టరు ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి, ఇంకొక్క ఏడాది తాడు లాగితే ఈ చెయ్యి అన్నం కలుపుకోవడానికి కూడా లేవదన్నాడు. మా ఊళ్ళో లంగరు ఎత్తలేని మగవాడికి ఒకటే పని, ఒడ్డున వలల పాకలో కూర్చుని చిరుగులు కుట్టడం. అక్కడ కూర్చునేవాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళు. మావాడికి నలభై నిండలేదు.

"మూడో మనిషిని పెట్టుకోండి" అన్నాను.

"మూడో మడిసొస్తే రాళ్ళ గుర్తులు కూడా పట్టుకుపోతాడే" అన్నాడు చిన్నాన్న. ఏ కొండ ఏ తాటితోపు నెత్తిన కనబడితే కింద రాయి ఉంటుందో మా తాత ఆయనకి చెప్పాడు, ఆయన మా తమ్ముడికి చెప్పాడు. బయటివాడికి చెప్పరు. ఇంటి ఆడపిల్లకీ చెప్పరు, అది వేరే సంగతి.

అప్పుడు తమ్ముడు నా ఫోనుకి ఒక వీడియో పంపాడు. ఎవరో దొర సముద్రం మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పడవ ముక్కున చిన్న బ్యాటరీ మోటారు. బొత్తాం నొక్కాడు, అంతే, పడవ అక్కడే ఉంది. లంగరు లేదు. గాలి ఇటు తోస్తే మోటారు అటు తిరిగి, ఉపగ్రహాలని అడిగి, పడవని మళ్ళీ ఆ చోటుకే తెస్తోంది.

"అప్పా, ఇది మనకి వస్తాదేటి?" అన్నాడు వాడు. మావైపు అక్కని అప్ప అంటారు. ఆ గొంతులో ఆశ విన్నాక నేను ఊరుకునే రకం కాదు.

నెలా పదిహేను రోజులు చదివాను. తోపుడు బలం ఎంత, బ్యాటరీలు రెండా మూడా, ఉప్పునీటికి తట్టుకుంటుందా, కాడ పొడుగెంత. ఈ కాడ దగ్గరే పెద్ద యుద్ధం. మోటారు పడవ ముక్కున ఉంటుంది, కాడ చివరనున్న పంకా నీళ్ళలో మునగాలి. కెరటానికి ముక్కు పైకి లేస్తే పంకా గాల్లో తిరుగుతుంది. "ముక్కు నుంచి నీళ్ళకి ఎంతుందో కొలిచి చెప్పరా" అంటే తమ్ముడు ఇసక మీదున్న పడవని కొలిచి చెప్పాడు.

"ఒరే, నీళ్ళ మీదకి పోయి కొలవరా! ఐసూ సరంజామా అన్నీ వేసుకుని కొలు. చిన్నాన్నని కూడా ఎక్కించుకుని కొలు."

"అందరూ నవ్వుతన్నారప్పా. పడవకి సొక్కా కుట్టిస్తన్నావేట్రా అంటన్నారు."

"కుట్టిస్తన్నానని చెప్పు. చేతులు మాత్రం పొడుగ్గా పెట్టించమంది మా అప్ప అని చెప్పు."

విశాఖపట్నంలో ఒకాయన ఇలాంటివి తెప్పిస్తాడని తెలిసి ఇద్దరం వెళ్ళాం. అద్దాల షోరూము. ఆయన మా తమ్ముడికి షేక్‌హ్యాండిచ్చి, నాకు ఫ్యాను కింద కుర్చీ చూపించాడు. "మేడమ్, మీరలా రిలాక్స్ అవండి. సార్, మీది ఏ రిసార్టు?"

నేను రిలాక్స్ అవలేదు. నేరుగా వెళ్ళి నల్లరంగు మోటారు ముందు నిలబడ్డాను. "ఇది మంచినీళ్ళది కదా? ఉప్పునీళ్ళది ఏది?"

"నీళ్ళు నీళ్ళే మేడమ్" అన్నాడు తమ్ముణ్ణి చూస్తూ. "పని అయ్యాక రోజూ మంచినీళ్ళతో కడిగేసుకుంటే చాలు సార్."

"మా ఊరికి మంచినీళ్ళు రెండ్రోజులకోసారి వస్తాయి. మనుషులు తాగమంటారా, మోటారుకి పోయమంటారా?"

అప్పుడు చూశాడు నన్ను. సముద్రానికి పనికొచ్చే దానికి లోపలి భాగాలు మూసి ఉండాలి, పైన పూత ఉండాలి, తాను తుప్పు పట్టిపోయి మోటారుని కాపాడే జింకు ముక్క ఉండాలి. ఇవన్నీ నేను చదువుకుని వెళ్ళి, అమ్మేవాడికి నేర్పాల్సి వచ్చింది. తర్వాత ఆయన దాన్ని పడవ ముక్కుకి బోల్టులు వేసి శాశ్వతంగా బిగించేస్తామన్నాడు. జెట్టీకి కట్టేసిన పడవలో ఎక్కడికి పోతుంది మేడమ్ అన్నాడు.

"ఏ జెట్టీకి?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. విజయనగరం, శ్రీకాకుళం తీరంలో చిన్న పడవలు ఎక్కడ ఆగుతాయో ఆ షోరూములో ఎవరికీ తెలియదు. మా పడవలు ఇసకలోంచి బయల్దేరతాయి. విరిగే కెరటానికి ఎదురుగా ముక్కు పెట్టి తోస్తారు, వచ్చేటప్పుడు ఆ కెరటం మీదే ఇసకలోకి వచ్చి పడతాయి. మొదటి దెబ్బ ముక్కుకే. అక్కడ శాశ్వతంగా బిగించిన మోటారు రెండోరోజుకి శాశ్వతంగా ముక్కలవుతుంది. కెరటాలు దాటేదాకా పడవలో పడుకోబెట్టి, దాటాక ముక్కున తగిలించుకునే పలక కావాలన్నాను. వెతికితే ఆయన గిడ్డంగిలోనే దొరికింది. అట్టపెట్టె కూడా విప్పలేదు. ఎవరూ అడగలేదట!

చివరికి తెల్లరంగుది, పొడుగు కాడది, రెండు బ్యాటరీలది ఎంచాను. చిన్నాన్న బ్యాటరీలకి పసుపు బొట్లు పెట్టాడు. మొదటిరోజు వేట నుంచి వచ్చి ఇసక మీద నుంచే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అప్పా! బొత్తాం నొక్కీసేను. గుంజకి కట్టిన గేదెలాగ నిలబడిపోనాది! రెండు కోనాం సేపలు, అడుగున ఎర్రసేపలు. తాడు ముట్టుకోనేదు. సెయ్యి నొప్పి నేదు."

కాలేజీలో ఆ పూట క్లాసు చెప్తూ రెండుసార్లు ఊరికే నవ్వాను. పిల్లలు భయపడ్డారు.

నాలుగోరోజున ఫోనులో వాడి గొంతు మారిపోయింది. రాళ్ళ మీద బొత్తాం నొక్కి కూర్చుని ఉంటే, మా వీధిలోనే ఉండే బావ, మా మేనత్త కొడుకు, తన పడవ తెచ్చి చెయ్యి చాస్తే అందే దూరంలో లంగరు వేశాడట. ఇద్దరి గేలాలూ చుట్టుకుపోయాయట.

"బావా, నానున్నాను కనబడ్డం నేదేటి?" అన్నాడట మావాడు.

"నువ్వున్నావురా. నీ తాడేది? తాడు నేకపోతే అది కొట్టుకుపోతన్న పడవే. కొట్టుకుపోతన్నోడికి జాగా ఏటి?"

అదీ కట్టుబాటు. రాయి మీద ముందు ఎవరి లంగరు పడితే ఆ రోజుకి ఆ రాయి వాళ్ళది. మిగతావాళ్ళు తాడంత దూరంలో ఉండాలి. తాడు నీళ్ళలో లేదంటే మనిషి అక్కడ లేనట్టే. తమ్ముడు పక్కకి తప్పుకున్నాడు. మర్నాడు ఇంకో పడవ వచ్చింది, ఆ మర్నాడు రెండు. పడవ నిలబడుతోంది గానీ, నిలబడడానికి జాగా లేదు. తాడు వేస్తే భుజం పోతుంది, వెయ్యకపోతే రాయి పోతుంది.

ఈ కట్టుబాటు నేను అప్పుడే మొదటిసారి వినడం. నా ఒళ్ళు ఎలా మండిందో చెప్పలేను. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి, చిన్నాన్న పళ్ళు తోముకుంటూ ఉండగా గుమ్మంలో నిలబడ్డాను.

"లంగరు గురించి అన్నీ అడిగాను కదా నిన్ను. ఎంత లోతు, ఎంత బరువు, ఎన్నిసార్లు. ఇదెందుకు చెప్పలేదు?"

"నువ్వు మోటారు గురించి అడిగేవు. తాడు గురించి అడగనేదు."

"తాడు తీసెయ్యడానికే కదా మోటారు కొన్నది!"

"ఇది ఒకరు సెప్పాలేటే? ఈ ఊర్లో పుట్టినోడికి తెలుస్తాది."

"నేనెక్కడ పుట్టాను, లండన్లోనా?"

ఆయన పుల్ల నోట్లోంచి తీసి ఉమ్మేశాడు. "పుట్టేవు. పడవెక్కనేదు గదా."

ఎక్కనిచ్చిందెవరట? ఆడది పడవెక్కితే చేప పడదని చెప్పింది ఈ నోరే. అదే నోరు ఇప్పుడు పడవెక్కలేదని తప్పు నా మీద పెడుతోంది. ఇంకా ఘోరం, బావ లంగరు వేసినప్పుడు ఈయన మా పడవలోనే కూర్చుని ఒక్క మాటా అనలేదు. ఎందుకనలేదంటే, "ఆడు సెప్పింది నాయమే గదే" అన్నాడు!

ఆ సాయంత్రమే పెద్దలు ముగ్గురు వలల పాక దగ్గర కూర్చున్నారు. సంగతి తేల్చమని తమ్ముడే అడిగించాడు. నేనూ వెళ్ళి ముందు వరసలో ఇసకలో కూర్చున్నాను.

"అమ్మీ, ఆడోల్లు ఎనకాల కూకోవాల" అన్నాడు నడిమి పెద్ద.

"వెనక నుంచి మాట్లాడితే మీకు వినబడదు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. కదల్లేదు నేను.

తాడు ఎందుకు పెట్టారని అడిగాను. పడవ కదలకుండా ఉందనడానికి గుర్తు, అంతే కదా? ఈ పడవ లంగరు వేసినదాని కంటే తక్కువ కదులుతుంది. కావలిస్తే పక్కన వెదురు పాతి చూసుకోండన్నాను.

"సముద్రంలో ఎదురు ఎవుడు పాతుతాడే?" అన్నాడు ఆ పెద్ద. "నీ పడవ కదల్దు, ఒప్పుకున్నాను. దూరాన్నించి వచ్చినోడికి తాడు కనబడతాది. నీ బొత్తాం కనబడతాదా?"

ఆ మాట ఇంకా మండించింది. మూర్ఖపు మాటయితే నలిపేద్దును, ఇది తెలివైన మాటయి కూర్చుంది.

"సరే, తాడు ఉండాలి. అడుగు తగలాలా?"

"తగలాల."

"చివరన ఎంత బరువుండాలో కట్టుబాటులో ఉందా?"

అది కట్టుబాటులో లేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పడవని ఆపేదే లంగరు, ఆపలేని బరువు ఎవడు వేస్తాడు?

"ఈవిడ లెక్కలు కాదురా, పిలీడరీ సదివింది" అన్నాడు వెనకనించి ఒకడు.

బావ లేచాడు. "అవేటి కుదర్దు. తాడంటే లంగరు తాడే. ఆడుకునే తాడు వేసి రాయి నాదంటే నానొప్పుకోను."

"నువ్వొప్పుకోవద్దు" అన్నాను. "నీ కుడిభుజం వాడికిచ్చి, వాడిది నువ్వు తీసుకో. రేపటి నుంచి లంగరు తాడే వేస్తాడు. లేదంటే వాణ్ణి తెచ్చి ఈ పాకలో కూర్చోబెట్టు. నీ వలే మొదట కుడతాడు."

తమ్ముడు తల వంచుకున్నాడు. వాడి గురించి నలుగురిలో అలా అనడం తప్పే. అయినా అన్నాను. డాక్టరు మాట వాడు ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. మోటారు సరదాకి కొన్నాడనే ఊరంతా అనుకుంటోంది. బావ వాడి వైపు తిరిగి, "ఈ మాట ముందే సెప్పొచ్చు గదరా" అన్నాడు. వెళ్ళి పాక వెనక నుంచి ఒంటిచేత్తో ఒక గుండ్రాయి తెచ్చి పెద్దల ముందు పెట్టాడు. "ఇది సాల్దేటి?"

అడుగు తగలాలి, తాడు దూరానికి కనబడే రంగుదై ఉండాలి. ఈ రెండూ ఉంటే ఒప్పుకుంటామన్నారు. మోటారు పంకాకి చుట్టుకోకుండా తాడు వెనక వైపు నుంచి వెయ్యాలని నేను చెప్పాను. ఇనుము మోటారు దిక్సూచిని తికమక పెడుతుంది కాబట్టి రాయే మేలని కూడా చెప్పాను. ఆ రెండో మాట ఎవరూ వినలేదు, లేచి దులుపుకుంటున్నారు.

చిన్నాన్నతో దసరా దాకా మాట్లాడలేదు. ఆకాశంలో ఉపగ్రహాలన్నీ కలిసి నిలబెట్టిన పడవ, గుండ్రాయి సాక్ష్యం చెప్తే తప్ప నిలబడినట్టు కాదన్న మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. స్టాఫ్ రూములో చెప్తే నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

తమ్ముడు మాత్రం రోజూ పోతూనే ఉన్నాడు. కుడిచేత్తో బొత్తాం నొక్కుతాడు, ఎడంచేత్తో ఎర్రతాడు వదుల్తాడు. భుజం ఎలా ఉందిరా అని ఫోనులో అడిగితే, "రాయి తేలికే అప్పా, నీ తిట్లే బరువు" అంటాడు.

తిడతాను. పాకలో చతికిలబడి వలలు కుట్టుకుంటున్న తమ్ముణ్ణయితే తిట్టడానికి నాకు నోరు వచ్చేది కాదు.