డిష్ మూతికి చందనం

మొన్న ఉప్పళంలోని మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన మనిషి గోడకు చిన్న బెజ్జం వేసి, దారమంత తీగ లోపలికి లాగి, నేనిచ్చిన టీ చల్లారేలోపే వెళ్ళిపోయాడు. మేడ ఎక్కలేదు, ఆకాశం వైపు చూడలేదు. నాకేమో చూస్తూంటేనే పాత భుజం నొప్పి గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మా ఊళ్ళోనే ఒర్లియంపేటలో ఒక మేడ మీద, శాటిలైట్ నుంచి ఇంటర్నెట్ అందుకునే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. నేను చదివింది ఐటీఐ, మెడలో కార్డు మీద మాత్రం హార్డ్‌వేర్ ఇంజనీర్ అని ఉండేది. మా నాన్న ఆ మాట వీధంతా చెప్పుకున్నాడు. ఆయన మిల్లు మూతపడి, ఇల్లు నా జీతం మీదే నడుస్తున్న కాలం. చెన్నై నుంచి వచ్చేవాళ్ళు మా పెట్టె పనిచేయడం చూసి ఆర్డరిస్తే కంపెనీ ఉంటుంది, లేదంటే అందరం ఇంటికే అని మా పెద్ద ఇంజనీరు, మేమంతా అన్నా అని పిలిచే ఆయన, ముందే చెప్పేశాడు.

వాళ్ళొచ్చేది ఆయుధపూజ మరునాడు. పూజనాడు స్క్రూడ్రైవర్ మొదలు మేడ మీది డిష్ దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి, అలవాటు ప్రకారం దేన్నీ ముట్టకుండా వదిలేశాం. తెల్లారి చూస్తే సిగ్నల్ లేదు. అన్న నా పెట్టె విప్పి, నేను సోల్డర్ చేసిన ప్రతిచోటా భూతద్దం పెట్టి చూశాడు.

"ఏంది పాపా చేసినావు?"

"నేనేం చేస్తి అన్నా, నిన్న ముట్టనే లేదు గదా."

మాలో అందరికన్నా పెద్దది, వైర్ల జాయింట్లకు వాన పట్టకుండా టేపు చుట్టే ఆమె, మా అందరికీ అత్త, విసుక్కుంది. "బొట్టు పెట్టి దండం పెట్టినాం. ఇంక చెడేదేంది?"

అన్న తలెత్తాడు. "డిష్‌కి యాడ పెట్టినావత్తా?"

"నువ్వే గదప్పా, డిష్‌కి మూతి అదేనంటివి. మూతికే మెత్తినా, దండిగా."

డిష్ ముందు కడ్డీ చివర ఉండే ఆ మూతిలోంచే సిగ్నల్ వచ్చేదీ పోయేదీ. రాత్రి తుంపరకు తడిసిన చందనం దాన్ని ముద్దలా మూసేసింది. అన్నకు నవ్వొచ్చింది గానీ, ఆ రోజు చేయాల్సిన పునఃపూజ కాకుండా దేవుడి బొట్టు తుడవడానికి ఆయనకూ చెయ్యి రాలేదు. కింద చెన్నైవాళ్ళ కారు ఆగిన చప్పుడైంది. అత్త కొంగు నడుముకు దోపి మేడ మెట్లెక్కింది. "సామికి కోపమొస్తే నా మీదనే రానీ. ఈ పిల్ల సంబళం పోతే వాళ్ళింట్లో పొయ్యి యాడ మండుతుంది?"

ఆమె తుడిచింది. సిగ్నల్ వచ్చింది, ఆర్డరూ వచ్చింది. తర్వాత ఏళ్ళ తరబడి ఎండలో డిష్‌లు తిప్పి, పొగలో సోల్డర్ చేసి, అత్త చాల్లే లెమ్మన్నాక ఇంటికెళ్ళి అన్నం కంచం ముందే నిద్రపోయేదాన్ని. చివరికి కేబుళ్ళొచ్చాయి, మా పెట్టెలు ఎవరికీ అక్కర్లేకపోయాయి, ఎవరి దారిన వాళ్ళం పోయాం.

ఇప్పుడు ఇందిరా నగర్‌లో ఒక ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో ఒక్కదాన్నే కూర్చుంటాను. చెడినదాన్ని విప్పే పనే లేదు, కొత్తది చేతికిచ్చి పంపడమే. తప్పు ఎక్కడుందో వెతుకుతూ నలుగురం ఒకే పెట్టె మీదికి వంగిన రోజుల కన్నా ఇది ఎంతో తేలిక పని. సాయంత్రానికి అలసట మాత్రం అంతే ఉంటుంది, అలసిపోయావు ఇంక చాల్లే లెమ్మని చెప్పడానికి పక్కన మనిషి లేదు.